ఉత్తర గోడ ఇసుక

థెస్సలొనీకి,
5 మార్చి 1984

కోస్మాస్ పెదనాన్నా,

నీ చెయ్యి ముద్దుపెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఫ్రోసో పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను పంపిన తైలం కంపు కొడుతోందని మేకల కొట్టంలో పెట్టిందట. మేకలకైనా నయమైందేమో కనుక్కో.

కాఫీ దుకాణానికి ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఆ ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే లిథారి ఊరంతా జవాబు చెబుతుంది. అందుకే ఉత్తరం.

మన ఊరి పరాస్కెవి చర్చి కాగితాలు మా ప్రయోగశాలకు వచ్చాయి. నిరుడు భూమి కదిలినప్పుడు పగిలిన చోట్ల ఏ గచ్చు వాడాలో మేం చెప్పాలి. పాత గచ్చులో సున్నం ఎంత, ఇసుక ఎంత, ఎక్కడి ఇసుక అన్నది తేలితే అలాంటిదే కలిపి పెడతారు. సిమెంటు పెడితే తడి లోపలే చిక్కుకుని రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. ఇది నీకు నేను చెప్పే విషయం కాదు.

ఉత్తర గోడ గురించి విడిగా ఒక పేరా ఉంది. అది జానెడు బయటికి ఉబ్బిందట. పాత గోడని తేలితే నిలబెట్టి, లోపలికి పలచటి సున్నం ఎక్కించి కాపాడతారు. ఈమధ్య కట్టిందని తేలితే దించేసి కొత్తగా కడతారు.

పెదనాన్నా, అది నాన్న గోడ. అంతర్యుద్ధంలో ఆయన సరిహద్దు కొండ దాటి వెళ్ళినప్పుడు నాకు ఐదు నెలలు. ఫోటో కూడా లేదు. అమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చాక ప్రతి వేసవిలోనూ నువ్వు నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి "ఇదిగో, మీ నాన్న" అనేవాడివి. నేను అరచెయ్యి ఆనించి నిలబడేదాన్ని. ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఊరొస్తే మొదట అక్కడికే పోతాను. అది దించకూడదు.

నాన్న మన లోయ ఇసుక ముట్టేవాడు కాదనీ, అవతలి ఏటి నల్ల ఇసుకే కంచరగాడిదల మీద తెచ్చుకునేవాడనీ నువ్వే చెప్పావు. ఆ నల్ల ఇసుక గోడలో కనబడితే చాలు. అది 1939 నాటిదని ఎవరూ కాదనలేరు. గర్భగుడి వెనక నుంచి ఒకటి, గంటల వైపు నుంచి ఒకటి, ఉత్తర గోడ నుంచి ఒకటి, మూడు ముక్కలు పంపు. పైపూత వద్దు, రాళ్ళ సందుల్లోంచి లోపలిది కావాలి.

నీ
లాంబ్రినీ


లిథారి,
18 మార్చి 1984

డాక్టరమ్మకు,

నీకు రాయాలంటే బడిలో పలక పట్టుకున్నట్టుంది. తప్పులుంటే దిద్ది తిరిగి పంపకు.

మూడు ముక్కలు మూడు పొగాకు డబ్బాల్లో పెట్టి బస్సు డ్రైవరుకిచ్చాను. డబ్బాల మీద పేర్లు రాశాను. డ్రైవరు ఊపి చూసి, "ఇదేం పొగాకు, పళ్ళు విరిగేట్టుంది" అన్నాడు. పెద్దమ్మ ఆకుకూర రొట్టె కూడా పెట్టింది. అది పరీక్షకు కాదు.

ముక్కలు తీస్తుంటే పంచాయతీ పెద్ద తిలేమాహోస్ వచ్చి నిలబడ్డాడు.

"ఏం కోస్మాస్, చర్చిని కొరుక్కు తింటున్నావా?"

"మా అమ్మాయి పరీక్ష చేస్తుంది."

"నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణిగా. సున్నం."

"సున్నం నీ బుర్రలోనూ ఉంది. ఎంతుందో తెలియద్దా?"

సిమెంటు బస్తాలు తెప్పిస్తే వారంలో పని అయిపోతుందని వాడి గోల. వాడికి జులై ఇరవయ్యారున పరాస్కెవి పండగకి చర్చి తెల్లగా కనిపిస్తే చాలు.

ఉత్తర గోడ జోలికి ఇప్పుడెందుకు అన్నది నా మాట. మిగతా రెండూ చూసి కాగితం రాసెయ్యరాదా? అడిగావు గనుక పంపాను.

మంచు ఇంకా పోలేదు. తేనెటీగలు రెండు పెట్టెలు చచ్చాయి.

పెదనాన్న


థెస్సలొనీకి,
9 ఏప్రిల్ 1984

పెదనాన్నా,

రొట్టె చేరింది. ప్రయోగశాలలో అందరూ తిన్నారు, నాకు మిగిలింది అంచు ముక్క.

ఇక ముక్కలు. పొడి చేసి యాసిడ్‌లో వేశాను. సున్నం కరిగిపోవాలి, ఇసుక అడుగున మిగలాలి, దాన్ని తూచాలి. పద్ధతి అది. మూడింటిలోనూ దాదాపు ఏమీ మిగల్లేదు. గాజు గిన్నె అడుగున చిటికెడు మట్టి. అంటే మన పెద్దలు ఇసుక లేకుండా వట్టి సున్నంతో కట్టారన్నమాట. ఇంత సున్నం ఎక్కడిది వాళ్ళకి? కొండంతా కాల్చారా? మరమ్మతుకి కూడా అలాగే సున్నం ఎక్కువ, ఇసుక నామమాత్రం అని రాయబోతున్నాను. నువ్వు ఓసారి కలిపి చూసి చెప్పు.

నన్ను తొలుస్తున్నది ఇంకోటి. ఉత్తర గోడ ముక్కలో నల్ల ఇసుక ఒక్క రేణువు లేదు. డబ్బాలు మారిపోయాయేమోనని మూడూ మళ్ళీ చూశాను. భూతద్దంతో చూశాను. లేదు. నువ్వు ఎక్కడి నుంచి తీశావు? ఎంత లోతున? నాన్న కట్టిన చోటేనా?

ఆదివారం కూడా పనికి వెళ్ళాను. గిన్నె అడుగు చూస్తూ కూర్చున్నాను. కిందటి ఏడాది దాకా నేను నీళ్ళు పరీక్షించేదాన్ని. నీళ్ళలో ఎవరి నాన్నా ఉండడు, హాయిగా ఉండేది.

లాంబ్రినీ


లిథారి,
25 ఏప్రిల్ 1984

అమ్మాయ్,

క్రీస్తు లేచాడు. ఈస్టరుకి వస్తావని ఎర్ర గుడ్లు నీ వాటా పక్కన పెట్టాం. రాలేదు, తిలేమాహోస్ తిన్నాడు.

నువ్వు చెప్పినట్టే కలిపి మేకల కొట్టం గోడకు పెట్టాను. మూడో రోజుకి ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. మేకలు కూడా ఎగాదిగా చూశాయి. నలభై ఏళ్ళు తాపీ పట్టిన చేతికి ఈ అవమానం నీవల్ల జరిగింది.

ఇంత చదివావు గదా, మన లోయ ఇసుక ఏమిటనుకున్నావు? ఈ కొండ రాయే. ఏరు అరగదీస్తే అది ఇసుక, మనం బట్టీలో కాలిస్తే అదే సున్నం. నీ యాసిడ్‌కి రెండూ ఒకటే మేత. ఇసుకనంతా నువ్వే కరిగించేసి, ఇసుక లేదని మా తాతల మీద రాస్తున్నావు. ఒకటికి రెండున్నర పాళ్ళు పోస్తాం మేం. పోసింది నేనే గనుక నాకు తెలుసు.

ఉత్తర గోడ సంగతి. ఆ ముక్క ఎప్పుడో ఎవరో అతికిన చోటిది అయ్యుండొచ్చు. నా కళ్ళు మునుపట్లా లేవు. ఇంకోటి పంపుతున్నాను, ఇది చూడు. ఇది మీ నాన్న చేతిదే. ఇందులో అబద్ధం లేదు.

పెదనాన్న


థెస్సలొనీకి,
21 మే 1984

పెదనాన్నా,

నువ్వు చెప్పింది మా పెద్దసారుకి చదివి వినిపించాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుని, "మీ పెదనాన్నని ఇక్కడ చేర్చుకుని నిన్ను మేకల దగ్గరికి పంపుదాం" అన్నాడు. తరవాత ముక్కల్ని కాగితమంత పలచగా కోయించి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. నువ్వన్నట్టే ఉంది. గుండ్రటి తెల్ల రేణువులు, చుట్టూ సున్నం. ఒకటికి రెండున్నర.

తరవాత నువ్వు కొత్తగా పంపిన ముక్క. కొంచెం యాసిడ్‌లో వేశాను. నురగ తగ్గాక అడుగున నల్లగా, ఆకుపచ్చ జీరతో ఇసుక. కడిగి ఆరబెట్టి వేలితో తాకాను. అందరూ టీకి వెళ్ళారు, నేను వెళ్ళలేదు. అమ్మ ఉండుంటే రాత్రికి ఇంటికి తీసుకెళ్ళి చూపించేదాన్ని.

కాగితం రాసేశాను. ఉత్తర గోడ 1939 నాటిది, దించకూడదు, లోపలికి సున్నం ఎక్కించి నిలబెట్టాలి, అతుకులకు నల్ల ఇసుక వాడాలి. మొదటి ముక్క తరవాతి అతుకు అని రాశాను. జూన్ ఇరవైన కమిటీ కూర్చుంటుంది. పండగ నాటికి గోడ అలాగే ఉంటుంది, జనం ఎప్పట్లా ఆనుకుని కూర్చుంటారు. నేనూ వస్తాను.

ఆ ఇసుక ఏటి ఏ వంపులో ఉంటుందో చెప్పు. నాన్న ఒక్కడే వెళ్ళి తెచ్చేవాడా? జల్లెడ తనే నేసుకునేవాడని అన్నావు ఒకసారి. అదేమైంది?

నీ చెయ్యి రెండుసార్లు ముద్దుపెట్టుకుంటూ,
లాంబ్రినీ


లిథారి,
3 జూన్ 1984

లాంబ్రినీ,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు పొయ్యిలో వేశాను.

ఆ కాగితం కమిటీకి వెళ్ళనివ్వకు. రెండో ముక్క ఉత్తర గోడది కాదు. మన ఇంటి వెనక నీళ్ళ తొట్టి గోకి పంపాను. తొట్టి గచ్చు మీ నాన్న కలిపిందే, అందులో అబద్ధం లేదన్నది అందుకే. నువ్వు సంతోషపడి ఊరుకుంటావనుకున్నాను. దాన్ని పట్టుకుని గోడకి మందు రాస్తావని నాకు తోచలేదు.

ఉత్తర గోడ '57 చలికాలంలో మంచు బరువుకి కూలిపోయింది. మీరు అప్పటికి రెండేళ్ళ ముందే వెళ్ళిపోయారు. దాన్ని మళ్ళీ కట్టింది నేను. శిథిలం వాగులో పోశాం. ఇంకో మంచు పడేలోపల పైకప్పు ఆనించాలని పదకొండు రోజుల్లో లేపాను. లోపలికీ బయటికీ కలిపి పట్టుకునే పొడుగు రాళ్ళు వెయ్యలేదు, దొరకలేదు. మధ్యలో చెత్తరాయి పోసి పైన సున్నం చల్లాను. నా జన్మలో నేను కట్టిన చెడ్డ గోడ అదే. నువ్వు సున్నం ఎక్కిస్తే ఆ బరువుకి కడుపు పగిలి పడుతుంది. పండగనాడు దాని కింద ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చుంటారు.

ఆ వేసవిలో నువ్వొచ్చి తిన్నగా వెళ్ళి చెయ్యి ఆనించావు. పదేళ్ళ పిల్లవి. కూలిందని చెప్పడానికి నోరు తెరిచాను. "పెదనాన్నా, ఇది నన్ను గుర్తుపట్టింది" అన్నావు. మూసుకున్నాను. ప్రతి ఏడూ చెబుదామనుకోవడం, ప్రతి ఏడూ అంతే.

ఏమన్నా అను.

కోస్మాస్


థెస్సలొనీకి,
11 జూన్ 1984

కోస్మాస్ గారికి,

మీ ఉత్తరం అందింది. నా నివేదిక వెనక్కి తీసుకున్నాను. ముక్క వేరే కట్టడానిదని తేలిందని పెద్దసారుకి చెప్పాను. ఎలా తేలిందని ఆయన అడగలేదు. గోడ దించాలని కొత్త కాగితం రాసి సంతకం పెట్టాను. అది '57 నాటిదని నా చేత్తోనే రాశాను. కమిటీ ఒప్పుకుంటుంది. పండగకి ముందే దించుతారు.

ఇరవై ఏడేళ్ళుగా మీ గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మీరు పక్కనే ఉండి చూశారు.

నిన్నటి నుంచి మీరు నాన్న గురించి చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుంటున్నాను. నల్ల ఇసుక. జల్లెడ. సున్నం గుంట మీద తడి గోనె. కలిపిన గచ్చు నాలుక మీద పెట్టుకునేవాడని. అన్నీ ఇసుకా సున్నమే. ఆయన ఒక రాయి చెక్కినట్టుగానీ, ఒక మూల నిలబెట్టినట్టుగానీ ఒక్కసారి కూడా చెప్పలేదు మీరు. లిథారి మేస్త్రీలంతా రాయి గురించి తప్ప మాట్లాడరు.

ఆయన ఏదైనా కట్టాడా? ఆయన పోయారని తాష్కెంట్ నుంచి '61లో వచ్చిన కాగితంలో వృత్తి దగ్గర 'కూలీ' అని ఉంది. అది అక్కడి వాళ్ళ పొరపాటని అమ్మ అనేది.

నాకు ఒక్క నిజం రాయండి. రాయలేకపోతే ఉత్తరం వద్దు.

లాంబ్రినీ


లిథారి,
15 జులై 1984

లాంబ్రినీ,

నీ ఉత్తరం ఫ్రోసో రెండుసార్లు చదివింది. "మీరు అని రాసింది. ఎవరికో రాసింది మనకొచ్చిందేమో, పైన పేరు చూడు" అంది. పేరు నాదే.

గోడ దించాం. పన్నెండు మందిమి, తొమ్మిది రోజులు. రాళ్ళు గడ్డి మీద వరసగా పరిచి ఉన్నాయి. అడుగున బండ తగిలేదాకా నేనే చూశాను. పునాది వరస ఒకటైనా పాతది మిగిలి ఉంటుందని, దాని సందులో నల్ల ఇసుక ఉంటుందని తాపీ మొనతో గోకి గోకి చూశాను. లేదు. ఉందని రాస్తే నువ్వు నమ్మేదానివి. లేదు.

ఇక నువ్వడిగింది. మీ నాన్న నాసోస్ రాయి మీద రాయి పెట్టలేదు. వాడు పరంజా ఎక్కలేడు.

పందొమ్మిదో ఏట, గ్రెవెనా వైపు ఒక గంటల గోపురం పనిలో, నాలుగో అంచె మీద రెండు చేతులా కొయ్య వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పిలిస్తే పలకడు. మీ తాతే మా ముఠాకి పెద్ద మేస్త్రి. కింద నించుని, "దిగరా, వంట చల్లారిపోతోంది" అన్నాడు. వీడు కళ్ళు తెరవకుండానే, "నా వాటా మీరు తినండి నాన్నా, నేనిక్కడే ఉంటా" అన్నాడు. కంచరగాడిద తాడు నడుముకి కట్టి నేనే దించాను. ఆ రోజు నుంచి వాణ్ణి గచ్చు కలపడానికి పెట్టారు. మా ముఠాల్లో అది పన్నెండేళ్ళ కుర్రాళ్ళ పని. మీసాలొచ్చిన వాడు చేస్తే ఊళ్ళో తలెత్తుకోలేడు.

అందరూ ఏడిపించేవాళ్ళు. "నాసోస్, కోడి కూడా రాత్రికి నీకన్నా ఎత్తున పడుకుంటుంది." "అవును, పొద్దున్నే అది దిగాల్సిందేగా, నాకా బాధ లేదు" అనేవాడు. ఉడుక్కునేవాడు కాదు. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. పై నుంచి "గచ్చు" అని అరిస్తే నా తమ్ముడు బకెట్టు తాడుకి కట్టి తల కిందికి దించుకుని నిలబడేవాడు. పైకి చూస్తే కళ్ళు తిరిగేవి వాడికి.

కానీ వాడి గచ్చు అలాంటిలాంటిది కాదు. వేరే ముఠాల వాళ్ళు వారానికని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. '39లో ఉత్తర గోడ కట్టినప్పుడు గచ్చంతా వాడిదే, రాయంతా మాది. పెళ్ళిచూపులకి మీ తాత వాణ్ణి మేస్త్రి అని చెప్పాడు. నిజం తెలిశాక మీ అమ్మ వారం రోజులు నవ్వింది. నవ్వింది గానీ నీకు మాత్రం మేస్త్రి అనే చెప్పమంది. నేనూ అదే బాగుందనుకున్నాను. మేస్త్రి కూతురివి అనిపించాలని నాకూ ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సిగ్గు నాదే, వాడిది కాదు.

తాష్కెంట్ వాళ్ళది పొరపాటు కాదమ్మా.

పండగ ఈసారి బయట, చెట్ల కింద. ఆగస్టులో గోడ మొదలుపెడతాం. నీ కాగితంలో ఉన్నట్టే లోయ ఇసుక, ఒకటికి రెండున్నర, పొడుగు రాళ్ళు మూడడుగులకొకటి. నల్ల ఇసుక వద్దన్నావు, సరైన మాట. మిగతా చర్చికి అది పొసగదు. కలపడానికి మాత్రం మనిషి లేడు. తిలేమాహోస్ యంత్రం తెస్తానంటాడు. యంత్రానికి నాలుక లేదని చెప్పాను.

రెండు వారాలు సెలవు దొరికితే రా. దొరక్కపోయినా ఉత్తరం రాయి. ఎలా పిలిచినా సరే.

పెదనాన్న


థెస్సలొనీకి,
23 జులై 1984

పెదనాన్నా,

ఆగస్టు నాలుగు, శనివారం బస్సుకి వస్తున్నాను. పెద్దమ్మ పాత పావడా ఒకటి తీసి ఉంచమను, నా బట్టలు సున్నానికి పనికిరావు.

నేను గచ్చు కలుపుతాను. ఎంత పల్చనో ఎంత చిక్కనో నువ్వు పై నుంచి తిట్టి చెప్పు. పరంజా మీదికి మాత్రం రమ్మని అడగకు. తిలేమాహోస్ ఏమన్నా పడతాను.

మా ఇల్లు ఐదో అంతస్తు. వచ్చి తొమ్మిదేళ్ళయింది, బాల్కనీలో కాలు పెట్టలేదు. తలుపు తీసి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. బట్టలు వంటింట్లో ఆరేసుకుంటాను. చిన్నప్పుడు బడి మెట్ల మీద కూర్చుండిపోతే అమ్మ వచ్చి చెయ్యి పట్టి దించేది. ఇది ఎవరి పోలికమ్మా అని ఎన్నోసార్లు అడిగాను. ప్రతిసారీ పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళిపోయేది.

లాంబ్రినీ